ఊరి సంస్థ.. ఎవరి చేతిలో?

ముల్కనూరు నుంచి ఉట్నూరు వరకు ఏడు దశాబ్దాల అనుభవం చెబుతున్నదేమిటి?

కరీంనగర్, ఆదిలాబాద్: రైతు ఉత్పత్తిదారుల సంస్థల పేరుతో గ్రామాల్లో మళ్లీ వాటాధనం సేకరణ సాగుతోంది. దేశవ్యాప్తంగా పది వేల రైతు ఉత్పత్తిదారుల సంస్థలను నెలకొల్పే పథకాన్ని కేంద్రం 2020 ఫిబ్రవరిలో ప్రారంభించింది. దీని కింద ఒక్కో సంస్థకు మూడేళ్ల నిర్వహణ ఖర్చుల నిమిత్తం రూ.18 లక్షల వరకు ఇస్తారు. సభ్యులు చెల్లించిన వాటాకు సమానంగా, ఒక్కొక్కరికి రూ.2 వేలకు మించకుండా, మొత్తం రూ.15 లక్షల వరకు గ్రాంటు కూడా అందుతుంది. మూడేళ్లూ గడిచాక, గ్రాంటు ఆగిపోయాక సంస్థ మిగులుతుందా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం కోసం ఎక్కడికో వెళ్లనవసరం లేదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోనే పంటను కొని విత్తనంగా మార్చి అమ్మిన సంఘం ఉంది. ఇంటింటికీ కరెంటు ఇచ్చిన సంఘం ఉంది. పాలు పోసే మహిళలే యజమానులైన డెయిరీ ఉంది. బొమ్మల సంఘం, కానుగ నూనె గానుగ, ఇప్పపువ్వు లడ్డూల కేంద్రం ఉన్నాయి. వీటిలో కొన్ని తరాలు దాటి నిలిచాయి. కొన్ని పేరు తెచ్చుకున్నా విస్తరించలేకపోయాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఊరి సంస్థ నిలవడానికీ తడబడడానికీ కారణాలు స్పష్టంగా కనిపిస్తాయి.

నూటికి మూడు రూపాయలే..

స్వాతంత్య్రం వచ్చిన తొలి రోజుల్లో పల్లె రైతుకు అప్పు పుట్టేది వడ్డీ వ్యాపారి వద్దే. రిజర్వు బ్యాంకు జరిపించిన అఖిల భారత గ్రామీణ రుణ సర్వే నివేదిక 1954లో వెలువడింది. రైతులు తీసుకున్న అప్పుల్లో సహకార సంఘాలు ఇచ్చింది నూటికి మూడు రూపాయల చిల్లరేనని అది తేల్చింది. సంఘాలు బలపడాలంటే ప్రభుత్వమే వాటాదారుగా చేరాలని సూచించింది. ఆ సూచన మేరకు ప్రభుత్వ సొమ్ము సంఘాల్లోకి వచ్చింది. సొమ్ముతోపాటే పెత్తనమూ వచ్చింది. పాలకవర్గాన్ని రద్దు చేయడం, ఎన్నికలను వాయిదా వేయడం, ప్రత్యేకాధికారిని నియమించడం క్రమంగా మామూలయ్యాయి. సంఘం తనదన్న భావన సభ్యుడి మనసులోంచి తొలగిపోయింది. తీసుకున్న అప్పు 'సర్కారు అప్పు' అయింది. మాఫీ కోసం ఎదురుచూడడం అలవాటుగా మారింది.

ఈ ఒరవడికి భిన్నంగా నడిచిన సంఘాలు చాలా తక్కువ. వాటిలో ముందు చెప్పుకోవలసింది ముల్కనూరు.

ముల్కనూరు: అప్పు నుంచి అమ్మకం దాకా

భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరు ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో భాగం. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజన తర్వాత అది కరీంనగర్ నుంచి విడిపోయి ప్రస్తుతం హనుమకొండ జిల్లాలో ఉంది. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో 1956లో ఇక్కడ సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం ఏర్పడింది. పద్నాలుగు గ్రామాలకు చెందిన 373 మంది సభ్యులతో మొదలైన ఈ సంఘం నేడు వేల కుటుంబాలకు ఆధారం. విశ్వనాథరెడ్డి తర్వాత అలిగిరెడ్డి ప్రవీణ్‌రెడ్డి దశాబ్దాల పాటు దీనికి నేతృత్వం వహించారు. ఆయన 2009లో హుస్నాబాద్ శాసనసభ్యుడిగానూ ఎన్నికయ్యారు.

ముల్కనూరు గొప్పతనం దాని భవనాల్లోనో, మిల్లుల్లోనో లేదు. పని తీరులో ఉంది. మామూలు సహకార పరపతి సంఘం రైతుకు అప్పు ఇచ్చి, గడువు రాగానే నోటీసు పంపుతుంది. పంట ఎవరికి అమ్మాడో, ఏ ధరకు అమ్మాడో దానికి పట్టదు. ముల్కనూరులో అప్పు, ఎరువు, విత్తనం ఇచ్చేది సంఘమే. పంట కొనేదీ సంఘమే. ధాన్యం సంఘానికి చేరగానే అందులోంచి అప్పు మినహాయించి మిగిలిన సొమ్ము రైతు ఖాతాలో జమ చేస్తారు. వసూలు కోసం ఇల్లిల్లూ తిరగనవసరం లేదు. మొండి బకాయిల బెడద ఉండదు. రైతుకూ కమీషన్ ఏజెంటు వద్ద చేయిచాచే పని తప్పుతుంది.

రెండో అంశం విలువను పెంచడం. ధాన్యాన్ని ధాన్యంగానే అమ్మితే మార్కెట్ ధర మించి రాదు. అదే వరిని విత్తనంగా పండించి, శుద్ధి చేసి, సంచుల్లో నింపి కంపెనీలకు అమ్మితే ఎక్కువ ధర పలుకుతుంది. సంఘం విత్తన వరి మీద దృష్టి పెట్టడానికి కారణం ఇదే. రైస్‌మిల్లు, పత్తి జిన్నింగ్ మిల్లు కూడా ఇదే ఆలోచనతో వచ్చాయి. ఏడాది చివర మిగిలిన లాభంలో కొంత, సంఘానికి ఎవరు ఎంత పంట ఇచ్చారన్న దాని ప్రకారం బోనస్‌గా సభ్యులకే తిరిగి వెళుతుంది. ఎక్కువ వాటా కొన్నవారికి ఎక్కువ లాభం అన్నది కంపెనీ పద్ధతి. సంఘాన్ని ఎక్కువగా వాడుకున్నవారికి ఎక్కువ లాభం అన్నది సహకార పద్ధతి. పంటను దళారికి మళ్లించకుండా సభ్యుడిని సంఘం వైపు నిలబెట్టేది ఈ చిన్న తేడాయే.

మూడో అంశం పొదుపు. సభ్యుడి సొమ్ములోంచి కొంత సంఘంలోనే దాచి ఉంచడం వల్ల బయటి అప్పుల మీద ఆధారపడడం తగ్గింది. సొమ్ము తనదైనప్పుడు లెక్క అడిగే హక్కు కూడా తనదేనని సభ్యుడికి తెలుస్తుంది.

చట్టం మారింది.. దారి తెరుచుకుంది

ముల్కనూరు తరహా సంఘాలకు ఊపిరి పోసిన మలుపు 1995లో వచ్చింది. ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టాన్ని ఆమోదించింది. దేశంలో ఇలాంటి చట్టం చేసిన తొలి రాష్ట్రం మనదే. సహకార వ్యవస్థను సర్కారు చెర నుంచి విడిపించాలంటూ ఏళ్ల తరబడి కృషి చేసిన సహవికాస సంస్థ ఈ చట్టం వెనుక ప్రధాన శక్తిగా నిలిచింది.

1964 నాటి పాత సహకార చట్టానికీ దీనికీ ఉన్న తేడాను సామాన్యులు సైతం సులువుగా గుర్తుపెట్టుకోవచ్చు. పాత చట్టం కింద ప్రభుత్వం వాటాదారు కావచ్చు. కొత్త చట్టం కింద కాలేదు. పాత చట్టంలో రిజిస్ట్రారు పాలకవర్గాన్ని పక్కన పెట్టవచ్చు. కొత్త చట్టంలో ఆ అధికారం సభ్యుల మహాసభకు దక్కింది. పాలకవర్గం సకాలంలో ఎన్నికలు జరపకపోయినా, లెక్కల తనిఖీ చేయించకపోయినా, మహాసభ పిలవకపోయినా డైరెక్టర్లు తమ పదవులకు దూరమవుతారు. లాభం వస్తే పంచుకున్నట్లే నష్టం వస్తే భరించవలసిందీ సభ్యులే. అందుకోసం ముందుగానే లోటు భర్తీ నిధిని ఏర్పాటు చేసుకోవాలి. స్వేచ్ఛతోపాటే బాధ్యత అన్నది ఈ చట్టం సారాంశం.

అయితే ఆ స్వేచ్ఛ సవాలు లేకుండా సాగలేదు. 2006లో అప్పటి ప్రభుత్వం సవరణ చట్టం తెచ్చి పాల సంఘాలను ఈ చట్టం పరిధి నుంచి తప్పించింది. వాటిని తిరిగి 1964 చట్టం కిందకు చేర్చాలన్నది సవరణ ఉద్దేశం. పాల సంఘాలు కోర్టుకెక్కాయి. హైకోర్టు సవరణను కొట్టివేసింది. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సైతం ఆ సవరణ రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. స్వచ్ఛందంగా ఒక చట్టం కింద చేరిన సభ్యులను వారి ఇష్టంతో పనిలేకుండా ప్రభుత్వ నియంత్రణలోకి నెట్టడం సంఘంగా ఏర్పడే హక్కును హరించడమేనన్నది తీర్పులోని కీలకాంశం. పల్లెల్లో పాలు పోసే మహిళకు ఆ కేసు పేరు తెలియకపోవచ్చు. ఆమె డెయిరీ ఆమెదేనన్న మాట మాత్రం ఆ తీర్పుతోనే ఖాయమైంది.

స్వకృషి: పాల పుస్తకం ఆమె పేరిట

ఈ చట్టం నీడలో ఎదిగిన సంస్థల్లో ముల్కనూరు మహిళా సహకార డెయిరీ ముఖ్యమైనది. దీని పునాది పాలలో లేదు, పొదుపులో ఉంది. సహవికాస తోడ్పాటుతో 1990ల్లో ఈ ప్రాంత గ్రామాల్లో మహిళా పొదుపు సంఘాలు ఏర్పడ్డాయి. నెలనెలా కొద్ది మొత్తం దాచుకోవడం, ఒకరికొకరు అప్పులు ఇచ్చుకోవడం, లెక్కలు రాయడం, మహాసభలు జరపడం అక్కడే అలవాటైంది. ఆ అలవాటు గట్టిపడ్డాకే డెయిరీ ఆలోచన వచ్చింది. 2000లో మహిళా పాల ఉత్పత్తిదారుల సంఘాల సమాఖ్య రిజిస్టరైంది. 2002లో పాలశుద్ధి కర్మాగారం పని ప్రారంభించింది. 'స్వకృషి' పేరుతో పాలు, పెరుగు మార్కెట్లోకి వచ్చాయి. ఊరిలో ప్రాథమిక సంఘం, పైన సమాఖ్య, రెండింటిలోనూ సభ్యులూ డైరెక్టర్లూ మహిళలే.

మహిళలకే సభ్యత్వం ఎందుకన్న ప్రశ్న అప్పట్లో వినిపించింది. దానికి పాడి పనే సమాధానం. గడ్డి కోసేది, కుడితి పెట్టేది, పాలు పితికేది ఇంటి ఇల్లాలు. భూమి పట్టా మాత్రం భర్త పేరిట ఉంటుంది. భూమి ఉంటేనే సభ్యత్వం అనే సంఘంలో ఆమెకు చోటు లేదు. పాలు పోస్తే సభ్యత్వం అనే సంఘంలో ఆమెకే చోటు. బిల్లు ఆమె చేతికి, ఓటు ఆమె చేతికి వచ్చాయి. ఇంటి ఖర్చులో ఆమె మాటకు విలువ పెరిగింది.

డెయిరీ నిలవడానికి సభ్యుల విధేయత ఎంత అవసరమో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఉదాహరణకు ఒక ఊరి పాల కేంద్రంలో వంద మంది సభ్యులున్నారనుకుందాం. ఒక్కొక్కరు రెండు లీటర్ల చొప్పున పోస్తే రోజుకు 200 లీటర్లు. వెన్న శాతం చూసే పరీక్షకుడి జీతం, కేంద్రం అద్దె, రవాణా కలిపి రోజుకు రూ.600 ఖర్చయితే లీటరుకు మూడు రూపాయలు పడుతుంది. ప్రైవేటు వ్యాపారి రూపాయి ఎక్కువ ఇస్తానని వచ్చి సగం పాలు తీసుకుపోతే ఆ ఖర్చు తగ్గదు. లీటరుకు ఆరు రూపాయలవుతుంది. ఆ భారం తాళలేక కేంద్రం మూతపడుతుంది. ఆ మర్నాటి నుంచి ఊళ్లో కొనేవాడు ఒక్కడే మిగులుతాడు. ధర నిర్ణయించేదీ వాడే. రూపాయి లాభం చూసుకున్నవారు చివరికి ఎక్కువ నష్టపోతారు. ఏ పాల సంఘానికైనా అసలు పోటీ ఈ ఒక్క రూపాయితోనే.

కరీంనగర్ డెయిరీది మరో దారి. అది కూడా ప్రభుత్వ నీడ నుంచి బయటపడి చివరకు పాల ఉత్పత్తిదారుల కంపెనీగా మారింది. 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణ ఈ మార్గాన్ని తెరిచింది. ఉత్పత్తిదారుల కంపెనీలో వాటాలు బయటివారికి అమ్మడానికి వీల్లేదు. ఎన్ని వాటాలున్నా వ్యక్తిగత సభ్యుడికి ఓటు ఒక్కటే. నేడు ఊళ్లలో ఏర్పడుతున్న రైతు ఉత్పత్తిదారుల సంస్థల్లో అనేకం ఈ నమూనాలోనే రిజిస్టరవుతున్నాయి.

సిరిసిల్ల 'సెస్': కరెంటు మనది, ధర ఎవరిది?

సభ్యులే యజమానులైనా పగ్గాలన్నీ వారి చేతిలో ఉండకపోతే ఏమవుతుందో సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం చెబుతుంది. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ అమెరికా సహకార విద్యుత్ సంఘాల నమూనాలో దేశంలో ప్రయోగాత్మకంగా అయిదు సంఘాలను ఎంపిక చేసింది. వాటిలో సిరిసిల్ల ఒకటి. 1970లో ఇది సరఫరా మొదలుపెట్టింది. మహారాష్ట్రలోని ములా-ప్రవర, కర్ణాటకలోని హుక్కేరి, గుజరాత్‌లోని కోడినార్ దీని తోటి సంఘాలే. సిరిసిల్ల, వేములవాడ ప్రాంత పల్లెలకు, బావుల మోటార్లకు, మరమగ్గాలకు కరెంటు అందించింది ఈ సంఘమే. లైను తెగితే ఎక్కడికి వెళ్లాలో ఊరివారికి తెలుసు. తాము ఎన్నుకున్న డైరెక్టరును నిలదీయవచ్చు. ఇది సామాన్యమైన సౌకర్యం కాదు.

అయితే సెస్ సొంతంగా కరెంటు ఉత్పత్తి చేయదు. ఉత్తర మండల విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి టోకున కొని చిల్లరగా పంచుతుంది. కొనే ధరను నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. అమ్మే ధరనూ అదే నిర్ణయిస్తుంది. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. మరమగ్గాలకు రాయితీలు వచ్చాయి. అవి రైతుకూ నేతన్నకూ మేలు చేసిన నిర్ణయాలే. వాటి ఫలితంగా సంఘం తన పెద్ద వినియోగదారుల నుంచి నేరుగా రాబట్టుకునే బిల్లు తగ్గిపోయింది. ఆ మేరకు ప్రభుత్వం చెల్లించే రాయితీ సొమ్ము మీద ఆధారపడవలసి వచ్చింది. ఆ సొమ్ము ఆలస్యమైతే టోకు బకాయి పేరుకుంటుంది. తప్పెవరిదైనా లోటు కనిపించేది సంఘం ఖాతాలోనే.

రెండో చిక్కు రాజకీయం. 2022 డిసెంబరులో సెస్ డైరెక్టర్ల ఎన్నికలు జరిగినప్పుడు పార్టీలు శాసనసభ ఎన్నికల స్థాయిలో తలపడ్డాయి. సభ్యులు ఓటేయడం మంచిదే. ఓటు లైన్‌మెన్ పనితీరు మీద, ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతుల మీద, లెక్కల మీద పడుతోందా, పార్టీ గుర్తింపు మీద పడుతోందా అన్నది వేరే సంగతి. దేశంలో ఇదే కోవకు చెందిన ములా-ప్రవర సంఘం బకాయిల భారంతో 2011లో పంపిణీ బాధ్యతను కోల్పోయింది. ఆ ప్రాంతం రాష్ట్ర విద్యుత్ సంస్థ చేతికి వెళ్లింది. అర్ధ శతాబ్దం దాటి నిలిచిన సెస్ సభ్యులు ఈ అనుభవాన్ని మరువరాదు.

నిర్మల్: నైపుణ్యం ఉంది, చెక్క లేదు

నిర్మల్ బొమ్మల పేరు దేశమంతటా తెలుసు. తేలికైన పొనికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురుతో అతికి, రంగులద్ది పండ్లు, పక్షులు, జంతువుల రూపాలు తయారుచేసే నకాషీ కళాకారులు 1955లోనే సహకార సంఘంగా ఏర్పడ్డారు. భౌగోళిక గుర్తింపు సైతం లభించింది. ఇక్కడ కొరత కళకు కాదు, ముడిసరుకుకు. పొనికి చెట్టు అడవిలో పెరగాలి. అడవి తరిగిపోయింది. నాటిన మొక్క చెట్టయ్యేందుకు ఏళ్లు పడుతుంది. చెక్క కోసం అటవీ శాఖ వైపు చూడాలి. అమ్మకాల కోసం చాలాకాలం ప్రభుత్వ హస్తకళల దుకాణాల వైపే చూశారు. అటు ముడిసరుకు, ఇటు మార్కెట్ రెండూ ఇతరుల చేతుల్లో ఉంటే మధ్యలో ఎంత నేర్పుతో పనిచేసినా ఆదాయం పెరగదు. కళాకారుల పిల్లలు వేరే వృత్తులు వెతుక్కోవడం సహజం. భౌగోళిక గుర్తింపు నకిలీని అడ్డుకోవడానికి పనికివస్తుంది. చెక్కను సమకూర్చదు.

పవర్‌గూడ: ప్రపంచ బ్యాంకుకు అమ్మిన గాలి

జైనూరు మండలంలోని పవర్‌గూడ గోండుల చిన్న పల్లె. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని ఈ గూడెం ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తోడ్పాటుతో ఇక్కడి మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచాయి. కానుగ గింజలు ఏరి గానుగాడించి నూనె తీశాయి. డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే వాతావరణంలోకి చేరే బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. పదేళ్లలో ఇలా తగ్గే 147 టన్నుల వాయువుకు 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశానికి వచ్చిన ప్రతినిధుల విమాన ప్రయాణాలు తదితరాల వల్ల కలిగిన కాలుష్యానికి పరిహారంగా ఈ కొనుగోలు జరిగింది. ఒక ఆదివాసీ గూడెం మహిళలు అలాంటి ఒప్పందం కుదుర్చుకోవడం ఆనాడు ఎందరినో ఆశ్చర్యపరిచింది.

ఘనత ఘనతే. వ్యాపారంగా చూసినప్పుడు మాత్రం లెక్క వేరుగా ఉంటుంది. టన్నుకు వచ్చింది నాలుగున్నర డాలర్ల లోపే. మొత్తం సొమ్ము నాటి మారకపు రేటులో సుమారు రూ.29 వేలు. అదీ పదేళ్ల కాలానికి. నర్సరీకి పెట్టుబడిగా అది పనికివస్తుంది. గానుగ నడవడానికి మాత్రం ఏటా తగినంత గింజ దొరకాలి, నూనెకు కొనుగోలుదారు ఉండాలి, పిండిని పొలంలో ఎరువుగా వేసుకోవాలి. ఈ మూడూ కలిస్తేనే గిట్టుబాటు. కానుగ చెట్టు కాపుకొచ్చేందుకు ఏళ్లు పడుతుంది. కాపు ఏటా ఒకేలా ఉండదు. వార్తకెక్కిన ఆదాయం వేరు, ఏటా చేతికందే ఆదాయం వేరు అన్నది పవర్‌గూడ నేర్పిన పాఠం. కర్బన పరపతి పేరుతో నేడు మళ్లీ కంపెనీలు పల్లెలకు వస్తున్నందున ఈ లెక్క గుర్తుంచుకోదగినది.

ఉట్నూరు: ఇప్పపువ్వుకు కొత్త రూపు

అడవిలో ఏరిన ఇప్పపువ్వు దశాబ్దాలుగా గిరిజన సహకార సంస్థకో, సంత వ్యాపారికో ముడిసరుకుగానే వెళ్లేది. ఉట్నూరులో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం ఆ పువ్వుతో లడ్డూలు తయారుచేయడం మొదలుపెట్టింది. రక్తహీనత ఎక్కువగా ఉన్న ఆదివాసీ పిల్లలకు పోషకాహారంగా ఆశ్రమ పాఠశాలలకు వీటిని అందించారు. 2025 మార్చిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఆదిలాబాద్ మహిళల ఇప్పపువ్వు ప్రయోగాలను ప్రస్తావించారు.

పువ్వును పువ్వుగా అమ్మడం కన్నా లడ్డూగా అమ్మడం మేలు. ముల్కనూరు ధాన్యాన్ని విత్తనంగా మార్చినట్లే ఇదీ విలువను పెంచడమే. పైగా ముడిసరుకు వారి అడవిలోదే. జాగ్రత్త పడవలసింది మార్కెట్ దగ్గర. ప్రభుత్వ పాఠశాలలే పెద్ద కొనుగోలుదారులైతే ఒక అధికారి బదిలీ, ఒక బిల్లు ఆలస్యం సంఘాన్ని కుదిపేయగలవు. పట్టణ దుకాణాలకు, సాధారణ కొనుగోలుదారులకు అమ్మే వాటా ఏటా పెరిగితేనే సంఘం కాళ్లు గట్టిపడతాయి.

యజమానులా? ఏజెంట్లా?

స్వయం సహాయక సంఘాల విస్తరణలో ఆదిలాబాద్ ముందు వరుసలో ఉంది. 2000లో 'వెలుగు' పథకం తొలిదశకు ఎంపికైన ఆరు జిల్లాల్లో అది ఒకటి. తర్వాతి దశలో కరీంనగర్ చేరింది. ఇందిరా క్రాంతి పథం పేరుతో సాగిన ఈ ఉద్యమంలోంచే మహిళా సంఘాల ధాన్యం కొనుగోలు కేంద్రాలు వచ్చాయి. తూకంలో మోసాన్ని, దళారుల ధరలను ఇవి చాలావరకు అదుపు చేశాయి. సంఘాలకు కమీషన్ రూపంలో ఆదాయమూ సమకూరింది.

అయినా ఒక తేడాను విస్మరించరాదు. కొనుగోలు కేంద్రంలో ధాన్యం పౌరసరఫరాల సంస్థది, ధర ప్రభుత్వానిది. మహిళా సంఘం చేసేది కమీషన్ మీద సేవ. ధర పడిపోతే నష్టం దానికి లేదు, పెరిగితే లాభమూ లేదు. ప్రభుత్వం కొనుగోలు విధానం మార్చిన రోజున ఆ ఆదాయం ఆగిపోవచ్చు. ముల్కనూరులో అలా కాదు. పంట, మిల్లు, లాభనష్టాలు అన్నీ సభ్యులవే. ఒకటి పని కల్పిస్తుంది, మరొకటి ఆస్తిని నిర్మిస్తుంది. రెండూ అవసరమే. ఒకదాన్ని చూపి మరొకటిగా చెప్పుకోవడం సరికాదు.

వాటా చెల్లించే ముందు..

ఈ అనుభవాలన్నిటి నుంచి ఏ గ్రామస్థుడైనా తన సంఘం గురించి వేసుకోదగిన ప్రశ్నలు కొన్ని తేలుతున్నాయి.

* సంఘం ఏ పని కోసం ఏర్పడింది? అది సభ్యులకు ఏడాది పొడవునా అవసరమయ్యే పనేనా? గ్రాంటు కోసం పుట్టిన సంఘం గ్రాంటుతోనే ముగుస్తుంది.

* పెట్టుబడిలో సభ్యుల సొమ్ము ఎంత? బయటి సొమ్ము ఎంత? సొంత సొమ్ము లేని చోట లెక్క అడిగేవారు ఉండరు.

* సభ్యులు తమ పంటలో, పాలలో ఎంత భాగం సంఘానికి ఇస్తున్నారు? పేరుకు వెయ్యి మంది సభ్యులుండి, సరుకు ఇచ్చేది వంద మందే అయితే ఆ సంఘం వంద మందిదే.

* ముడిసరుకు, ధర, మార్కెట్.. ఈ మూడింటిలో సంఘం చేతిలో ఉన్నవి ఎన్ని? ఒక్కటీ లేకపోతే అది సంస్థ కాదు, కూలిపని.

* కొనేవారు ఒక్కరేనా? ఆ ఒక్కరు మానేస్తే ఎన్ని నెలలు నిలవగలదు?

* ఎన్నికలు, లెక్కల తనిఖీ, మహాసభ గడువు ప్రకారం జరుగుతున్నాయా? నష్టం వస్తే భరించే నిధి ఉందా?

ముల్కనూరు సంఘం, స్వకృషి డెయిరీ వీటిలో ఎక్కువ ప్రశ్నలకు ధీమాగా జవాబు చెప్పగలవు. అక్కడా కష్టాలు లేకపోలేదు. నీటి కొరత, పత్తి ధరల పతనం, ప్రైవేటు డెయిరీల పోటీ అన్నీ ఉన్నాయి. కష్టకాలంలో సభ్యుడు సంఘాన్ని విడవకపోవడానికి కారణం మంచి కాలంలో లాభం తన ఖాతాలో పడిందన్న జ్ఞాపకమే.

హక్కు కాగితం మీదే ఉంటే..

ఉత్పత్తిదారుల కంపెనీల విషయంలో చట్టం సభ్యుడికి స్పష్టమైన హక్కులు ఇచ్చింది. వార్షిక మహాసభకు కనీసం 14 రోజుల ముందు నోటీసు పంపాలి. దాంతోపాటు తనిఖీ చేసిన ఆస్తి అప్పుల పట్టీ, లాభనష్టాల ఖాతా ఇవ్వాలి. కంపెనీ నియమావళి అంతకన్నా ఎక్కువ కోరితే తప్ప మొత్తం సభ్యుల్లో నాలుగో వంతు హాజరైతేనే కోరం. పరస్పర సహాయక సంఘాల్లోనూ మహాసభదే అంతిమ అధికారం.

ఊళ్లలో జరిగేది చాలాసార్లు వేరు. నోటీసు అందదు. సంతకాల పుస్తకం ఇంటికే వస్తుంది. సభ్యుడు చదవకుండా సంతకం పెడతాడు. సభ జరిగినట్లు, లెక్కలు ఆమోదం పొందినట్లు కాగితం మీద ఉంటుంది. రెండేళ్ల తర్వాత సంఘం మూతపడితే 'వాళ్లు తిన్నారు' అనుకోవడం మిగులుతుంది. ఆ 'వాళ్లకు' అధికారం ఇచ్చిన సంతకం ఎవరిదో ఎవరూ అడగరు.

ఆర్థిక సంవత్సరం మార్చితో ముగుస్తుంది. లెక్కలు తేలాక సంఘాలు, ఉత్పత్తిదారుల కంపెనీలు మహాసభలు జరపాలి. తాము సభ్యులైన సంఘం మహాసభ తేదీ తెలుసుకుని, లెక్కల ప్రతి ముందే అడిగి తీసుకుని, ఆ రోజున వెళ్లి కూర్చుని, ఒక్క ప్రశ్నయినా అడిగితే చాలు. 1956లో ముల్కనూరులో చేరిన 373 మందికీ తమ సంఘం మీద ఉన్న హక్కు ఇదే. ఈరోజు రెండు వేల రూపాయల వాటా కట్టిన రైతుకూ అంతే హక్కుంది.